రెండు ఆఫీసులు, ఒక అద్దె ఇల్లు: హైదరాబాద్ పడమటి శివార్లలో ఒక కేస్ స్టడీ

హైదరాబాద్‌కు బదిలీ మీదో కొత్త ఉద్యోగం మీదో వచ్చే కుటుంబాలకు అద్దె ఇల్లు చూసిపెట్టడం నా వృత్తి. ఇక్కడ రాస్తున్నది 2025 దసరా ముందు నా దగ్గరకు వచ్చిన ఒక విజయవాడ కుటుంబం సంగతి. వారి అనుమతితోనే రాస్తున్నాను, పేర్లు మాత్రం రాయడం లేదు. ఈ కేసును ఎంచుకోవడానికి కారణం ఉంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులై, ఒకరి ఆఫీసు నగరానికి పడమట, మరొకరిది తూర్పున ఉన్నప్పుడు ఎవరికి దగ్గరగా ఇల్లు తీసుకోవాలన్న ప్రశ్న నాకు తరచుగా ఎదురవుతుంది. ఎవరి ప్రయాణం బరువైనదో వారికి దగ్గరగా అన్నది నేను చెప్పే జవాబు. ఆ జవాబులో ఉన్న ఒక లోపం ఈ కేసులో బయటపడింది.

భర్తది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో విప్రో కూడలికి సమీపంలోని సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి, పని వేళలు ఉదయం 11 నుంచి రాత్రి 8 వరకు. భార్య ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో అధికారిణి. ఆమెను సికింద్రాబాద్‌లో ప్యారడైజ్‌కు దగ్గరలోని శాఖకు బదిలీ చేశారు. రెండో, నాలుగో శనివారాలు మినహా వారానికి ఆరు రోజులూ పదింటికల్లా కౌంటరు తెరిచి ఉండాలి. వారితో పాటు మూడో తరగతి చదివే పాప, మోకాళ్ల నొప్పులతో ఎక్కువ దూరం నడవలేని అత్తగారు ఉన్నారు. నిర్వహణ ఖర్చుతో కలిపి అద్దెకు నెలకు 25,000 రూపాయల వరకు పెట్టగలమన్నారు. వెంట తెచ్చుకునేవి ఒక కారు, ఒక మోటారు సైకిలు.

మొదటి సమావేశానికి వారు ఒక నిర్ణయంతోనే వచ్చారు. తెల్లాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీ కావాలన్నారు. ఆయన సహోద్యోగులు చాలామంది అక్కడే ఉంటున్నారు, ఆఫీసు తొమ్మిది పది కిలోమీటర్ల లోపే, పిల్లలు ఆడుకోవడానికి పార్కులున్నాయి. ఆమె ప్రయాణం గురించి అడిగితే లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలు (నగరంలో తిరిగే లోకల్ రైలు) ఉందని, అది ఎక్కితే సరిపోతుందని చెప్పారు. ఆ మాట చెప్పింది ఆయన. ఆమె ఏమీ అనలేదు. నేను గమనించిన మొదటి విషయం అదే. ఇల్లు వెతికే మాటల్లో ఎవరి ఆఫీసు పేరు ముందు వస్తుందో, తరచూ వారి ప్రయాణమే లెక్కలోకి వస్తుంది, రెండోవారి ప్రయాణం ఎలాగో కుదురుతుందిలే అనే నమ్మకానికి వదిలేస్తారు. ఈ కుటుంబంలో ఆయన నెలకు దాదాపు 13 రోజులు ఆఫీసుకు వెళ్తే ఆమె 24 రోజులు వెళ్లాలి. ఆయన అరగంట ఆలస్యమైతే ఇంటి నుంచే సమావేశంలో చేరే వీలుంది, ఆమె పావుగంట ఆలస్యమైనా కౌంటరు ముందు మనుషులు నిలబడి ఉంటారు. రోజుల లెక్కలోను, సమయపాలన కట్టుబాటులోను ఆమె ప్రయాణమే బరువైనది. అయినా ఇంటి ఎంపిక ఆయన ఆఫీసు చుట్టూ తిరుగుతోంది.

కొలత ఎలా తీశాం

ప్రయాణాన్ని నేను కిలోమీటర్లలో కొలవను. ఇంటి తలుపుకు తాళం వేసిన క్షణం నుంచి ఆఫీసులో బల్ల ముందు కూర్చునే క్షణం వరకు పట్టే నిమిషాలనే లెక్కిస్తాను. లిఫ్టు కోసం ఆగడం, బండి తీయడం, స్టేషన్ మెట్లు, తనిఖీ దగ్గర వరుస, ప్లాట్‌ఫాం మీద నిరీక్షణ, దిగాక చివరి నడక అన్నీ అందులోకి వస్తాయి. ఫోన్‌లోని మ్యాపు చూపించే సమయానికి, ఈ కొలతకు మధ్య పదిహేను ఇరవై నిమిషాల తేడా రావడం మామూలే. రెండో కొలత చెడ్డ రోజుది. వాన పడ్డ సాయంత్రమో, రోడ్డు మీద ఏదైనా వాహనం ఆగిపోయిన ఉదయమో అదే దారికి ఎంత పట్టిందో విడిగా రాసుకుంటాను. సగటు బాగున్న దారి కూడా చెడ్డ రోజున రెట్టింపయ్యేదైతే, కౌంటరు ఉద్యోగికి అది పనికిరాదు. అలాంటి దారి మీద వెళ్లే మనిషి రోజూ చెడ్డ రోజుకు తగ్గట్టుగానే ఇంటి నుంచి బయలుదేరాల్సి వస్తుంది, కాబట్టి సగటు కాగితం మీదే ఉండిపోతుంది.

నాలుగు చోట్లను పరిశీలనకు తీసుకున్నాం. వారు కోరిన తెల్లాపూర్ ఒకటి. మెట్రో ఎరుపు మార్గం మొదలయ్యే మియాపూర్ రెండోది. ముంబయి హైవే మీద ఇంకా పడమటికి వెళ్తే వచ్చే, అద్దెలు తక్కువగా ఉండే బీరంగూడ మూడోది. నగరానికి అవతలి కొసన, నీలం మార్గం మీద ఉన్న ఉప్పల్ నాలుగోది. రాయదుర్గం, గచ్చిబౌలి చుట్టుపక్కల ఇల్లు దొరికితే ఇద్దరికీ బాగుండేది. రాయదుర్గంలో నీలం మార్గం రైలు ఎక్కితే ఎక్కడా మారకుండా ప్యారడైజ్‌లో దిగవచ్చు. కానీ అక్కడి అద్దెలు వారి పరిమితిని చాలా దాటిపోయాయి కాబట్టి ఆ ఆలోచనను మొదటి రోజే పక్కన పెట్టాం.

తెల్లాపూర్

తెల్లాపూర్‌లో చూసిన రెండు పడకగదుల ఫ్లాటుకు అద్దె 34,000, నిర్వహణ 4,500. పరిమితి దాటినా, ఆయన ప్రయాణంలో మిగిలే సమయం కోసం సర్దుకుంటామన్నారు. అందుకని ఆమె ప్రయాణాన్ని ఆమెతోనే చేయించాను, నేను వెంట వెళ్లాను. ఫ్లాటు నుంచి లింగంపల్లి స్టేషన్‌కు ఆటోలో ఇరవై నిమిషాలు పట్టింది. బేగంపేట వరకు రైలు ప్రయాణం బాగానే సాగింది, ఛార్జీ కూడా మెట్రోతో పోలిస్తే ఎంతో తక్కువ. సమస్య రైలు ఎక్కకముందే ఉంది. 2003 నుంచి నడుస్తున్న ఈ ఎంఎంటీఎస్ రైళ్లు దూరప్రాంతపు రైళ్లు తిరిగే పట్టాల మీదే తిరుగుతాయి, కాబట్టి మెట్రోలా కొన్ని నిమిషాలకొకటి రావు. ఒక రైలు తప్పితే తరువాతి దాని కోసం ఎంతసేపు ఆగాలన్నది ఆ పూట మీద ఆధారపడుతుంది. బేగంపేటలో దిగాక మళ్లీ మెట్రో ఎక్కి ప్యారడైజ్ చేరి శాఖలో అడుగుపెట్టేసరికి 95 నిమిషాలు గడిచాయి. రైలు వేళలు కంఠస్థమై, వాటికి తగ్గట్టు ఇంటి పనులు కుదుర్చుకోగలిగిన వారికి ఎంఎంటీఎస్ మంచి సాధనమే, చందానగర్‌లో ఉంటూ ఏళ్ల తరబడి అలా వెళ్తున్నవారు నాకు తెలుసు. వారంతా స్టేషన్‌కు నడిచి వెళ్లగల దూరంలో ఉన్నవారు. తెల్లాపూర్ నుంచి వెళ్లేవారికి ఆటో దొరకడం, రైలు అందడం అనే రెండు అనుమానాలు ఒకదానిమీద ఒకటి పడతాయి.

నెల లెక్క కడితే ఆయనకు రోజుకు రెండు సార్లు 35 నిమిషాల చొప్పున 13 రోజులకు 15 గంటలు, ఆమెకు 95 నిమిషాల చొప్పున 24 రోజులకు 76 గంటలు. ఆ 76 అన్న అంకెను కాగితం మీద చూశాక తెల్లాపూర్ మాట ఆయనే మళ్లీ ఎత్తలేదు.

బీరంగూడ, నా పొరపాటు

బీరంగూడలో వారికి నచ్చిన ఇల్లు దొరికింది. మూడు పడకగదులు, నేల అంతస్తు, ముందు కాస్త ఖాళీ స్థలం, అద్దె 18,000, నిర్వహణ 1,500. అత్తగారికి విడిగా గది వస్తుంది. ఆవిడ ఆ ఖాళీ స్థలం చూసి "ఇక్కడ తులసికోట పెట్టుకోవచ్చు బాబూ" అన్నారు. ఇల్లు చూడటానికి వచ్చిన పెద్దవారి నోట అలాంటి మాట వస్తే నిర్ణయం సగం అయిపోయినట్టేనని ఈ వృత్తిలో ఉన్నవారికి తెలుసు.

ప్రయాణాలు కొలిచాం. ఆయన మోటారు సైకిలు మీద 48 నిమిషాల్లో ఆఫీసు చేరారు. ఆమె బీరంగూడ నుంచి మియాపూర్ వరకు బస్సు, అక్కడి నుంచి మెట్రో కలిపి 74 నిమిషాల్లో శాఖకు వెళ్లారు. అవే రోజుల్లో మియాపూర్‌లో చూసిన ఇంటి నుంచి ఆయనకు 38, ఆమెకు 58 నిమిషాలు పట్టాయి. ఇద్దరివీ కలిపితే బీరంగూడకు నెలకు 80 గంటలు, మియాపూర్‌కు 63 గంటలు. తేడా 17 గంటలు. అద్దెలో 5,500 మిగులుతుంది, అదనంగా ఒక గది వస్తుంది, ఇద్దరు మనుషుల మధ్య 17 గంటలు పెద్ద లెక్క కాదని వారు అనుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను. మరునాడు టోకెన్ డబ్బు ఇద్దామని యజమానితో మాట కూడా అయింది.

ఆ రాత్రి నోటు పుస్తకంలో తేదీలు చూసుకుంటే నా తప్పు కనిపించింది. ఈ కొలతలన్నీ సెప్టెంబరు చివరి వారంలో తీసినవి. దసరా అక్టోబరు 2న వచ్చింది, బడులకు అప్పటికే సెలవులు. హైవే మీద ఉదయం పూట బారులు తీరే బడి బస్సులు, కాలేజీ బస్సులు ఒక్కటి కూడా ఆ వారం రోడ్డు మీద లేవు. నగరంలో సగం మంది ఊళ్లకు వెళ్లి ఉన్నారు. నేను కొలిచింది హైదరాబాద్‌ను కాదు, ఖాళీ అయిన హైదరాబాద్‌ను. ఇన్నేళ్ల అనుభవం ఉండి పండగ వారంలో తీసిన కొలతను మామూలు రోజుల కొలతగా ఒక కుటుంబానికి చూపించాను. మరునాడు ఉదయమే ఫోన్ చేసి విషయం చెప్పి, టోకెన్ ఇవ్వవద్దని, పండగ వెళ్లాక ఇంకో వారం ఆగమని అడిగాను. ఆయనకు కొంచెం కోపం వచ్చింది, యజమాని ఇంకొకరికి ఇచ్చేస్తారేమోనన్న భయం వల్ల. ఆమె మాత్రం "ఆగుదామండీ, రోజూ వెళ్లాల్సింది నేను కదా" అన్నారు. మొదటి సమావేశం నుంచి ఆమె తన ప్రయాణం గురించి తానుగా మాట్లాడటం అదే మొదటిసారి.

బడులు తెరిచాక అక్టోబరు రెండో వారంలో మళ్లీ కొలిచాం. మెట్రోలో సాగే భాగం దాదాపు మారలేదు, రోడ్డు మీది భాగమంతా మారిపోయింది. బీరంగూడ నుంచి ఆయనకు 48 కాస్తా 65 అయింది, ఆమెకు 74 కాస్తా 90 అయింది. మియాపూర్ నుంచి ఆయనకు 38 నుంచి 55కు పెరిగింది, ఆమెకు 58 అలాగే ఉంది. నెల లెక్కలో బీరంగూడ 100 గంటలు, మియాపూర్ 70 గంటలు. పదిహేడు అనుకున్న తేడా ముప్పై అయింది. అందులో ఒక్క ఆమె వాటాయే 25 గంటలకు పైన.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వాన పడింది. మియాపూర్‌లో మెట్రో దిగిన తరువాత బీరంగూడ చేరడానికే ఆమెకు 75 నిమిషాలు పట్టింది, మొత్తం ప్రయాణం రెండు గంటలు దాటింది. ఆయనది ఇంకో బాధ. బీరంగూడ నుంచి గచ్చిబౌలి వైపు వెళ్లేవారిలో చాలామంది లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి కిందుగా వెళ్తారు. గట్టి వాన పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయని ఈ వైపు ఉండేవారందరికీ తెలుసు. ఆ రోజున వాహనాలన్నీ మిగతా దారుల మీదకు మళ్లుతాయి, అవీ నిండిపోతాయి. కొత్తగా వచ్చిన కుటుంబానికి ఇలాంటి సంగతి మ్యాపులో కనిపించదు. కిరాణా కొట్టాయనను, స్టాండులోని ఆటో డ్రైవర్‌ను అడిగితే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. కొత్త ప్రాంతం చూడటానికి వెళ్లినప్పుడు ఇంటి యజమానికంటే ముందు వారినే అడగమని నేను చెబుతుంటాను.

తులసికోట మాట నాకు ఆ రాత్రంతా గుర్తొచ్చింది. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని "నువ్వు రాత్రి తొమ్మిదింటికి వస్తుంటే నాకు గది ఉండి ఏం లాభమమ్మా" అన్నారని మరునాడు ఆమె చెప్పారు. బీరంగూడ అలా ముగిసింది.

ఉప్పల్‌ను ఎందుకు వద్దనుకున్నాం

నిజానికి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఉప్పల్. అంకెల్లో అది మియాపూర్‌తో దాదాపు సమానం. ఉప్పల్ స్టేషన్‌కు దగ్గరలో ఇల్లు తీసుకుంటే ఆమె ఎక్కడా మారనక్కర లేకుండా 38 నిమిషాల్లో శాఖలో ఉంటారు. నెలకు 30 గంటలే. ఆయన రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్లి, అక్కడి నుంచి బస్సో షేర్ ఆటోనో పట్టుకుని ఆఫీసు చేరడానికి 100 నిమిషాలు. నెలకు 43 గంటలు. మొత్తం 74 గంటలు, మియాపూర్ కంటే నాలుగు గంటలే ఎక్కువ. అద్దె, నిర్వహణ కలిపి 18,500, అంటే మియాపూర్ ఇంటి కంటే 6,500 తక్కువ. బరువైన ప్రయాణానికే మొగ్గు చూపాలన్న నా సూత్రం ప్రకారం అయితే ఉప్పల్‌నే సిఫారసు చేయాలి. భర్త కూడా తెల్లాపూర్ లెక్క చూసిన తరువాత మారిన మనిషై, నేను భరిస్తానని ముందుకొచ్చారు.

వద్దనడానికి మూడు కారణాలు కనిపించాయి. మొదటిది ఆయన ఆఫీసు రోజులు మూడు దగ్గరే ఆగుతాయన్న హామీ లేకపోవడం. వారానికి మూడు రోజులన్న నియమం కంపెనీ ఒక్క మెయిల్‌తో ఐదు రోజులు చేయగలదు, ఆమె పదింటి కౌంటరు మాత్రం మారదు. ఐదు రోజులు, అంటే నెలకు 22 రోజులు వెళ్లాల్సి వస్తే ఉప్పల్ లెక్క 104 గంటలవుతుంది, మియాపూర్‌ది 87 దగ్గర ఆగుతుంది. ఈ రోజు లెక్కకు సరిపోయే ఇంటికంటే, రేపు ఆ లెక్క మారినా తట్టుకునే ఇల్లు మేలు. రెండోది ఆయన తిరుగు ప్రయాణపు వేళ. రాత్రి ఎనిమిదికి ఆఫీసు నుంచి బయటపడి రాయదుర్గం చేరి రైలెక్కితే ఉప్పల్‌లో ఇల్లు చేరేసరికి పదికి దగ్గరవుతుంది, పాప అప్పటికి నిద్రపోతుంది. మెట్రో రాయదుర్గంతో ఆగిపోవడం వల్ల ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేసేవారికి ఆ చివరి ఏడెనిమిది కిలోమీటర్లే అసలు ప్రయాణమైంది. ఆ ముక్కలో ఎంత సమయం పడుతుందో ఏ రోజుకారోజు చూసుకోవాల్సిందే.

మూడో కారణం ఇల్లు దొరికే చోటుకు సంబంధించినది. ఉప్పల్ అని ప్రకటనలో ఉన్న ఇళ్లలో వారికి నచ్చినవి బోడుప్పల్‌లోను, పీర్జాదిగూడలోను తేలాయి. అక్కడి నుంచి ఉప్పల్ స్టేషన్‌కు వరంగల్ హైవే మీదుగా రావాలి. ఆ దారిలో ఎలివేటెడ్ కారిడార్ (స్తంభాల మీది రోడ్డు) పనులు ఏళ్ల తరబడి సాగుతూ ఉండటం వల్ల రెండు మూడు కిలోమీటర్లకు ఎంతసేపు పడుతుందో చెప్పలేం. 38 నిమిషాలన్నది స్టేషన్‌కు నడిచి వెళ్లగల ఇంటికి మాత్రమే వర్తించే అంకె. అలాంటి ఇల్లు, లిఫ్టు ఉన్నది, ఆ నెలలో ఒక్కటీ ఖాళీ లేదు. ఉండి ఉంటే ఈ కేసు ముగింపు వేరుగా ఉండేదేమో. మొదటి రెండు కారణాలు బలమైనవే అయినా, తూకాన్ని తేల్చింది మూడోదే.

మియాపూర్‌లో ఏ వీధి

ప్రాంతం ఖరారైనంత మాత్రాన పని పూర్తి కాదు. మియాపూర్ పేరుతో వచ్చే ప్రకటనల్లో నిజాంపేట, బాచుపల్లి, అమీన్‌పూర్, మదీనాగూడ ఇళ్లన్నీ ఉంటాయి. "మెట్రోకు ఐదు నిమిషాలు" అని రాసి ఉన్న ఒక ఇంటికి వెళ్తే అది స్టేషన్‌కు మూడున్నర కిలోమీటర్లు. ఏ గంటకు, దేనిమీద ఐదు నిమిషాలని అడిగితే రాత్రి పూట కారులో అని బ్రోకర్ నిజాయితీగానే చెప్పాడు. ఆ మూడున్నర కిలోమీటర్లు ఉదయం తొమ్మిదింటికి ఆటోలో వెళ్తే పావుగంటకు పైనే పడుతుంది, ఆటో ఖర్చు నెల తిరిగేసరికి అద్దెలో మిగిలిందంతా తినేస్తుంది. స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగితే మెట్రో దగ్గరైనట్టు. బండి ఎక్కాల్సి వస్తే ఆ ఇల్లు మెట్రో దగ్గర ఇల్లు కాదు, మెట్రోకు వెళ్లగలిగిన ఇల్లు మాత్రమే. అద్దె మాట్లాడేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

హైవేకు ఏ వైపు అన్నది కూడా చూశాం. ఆయన ఆఫీసు దక్షిణాన ఉంది. హఫీజ్‌పేట మీదుగా కొండాపూర్, అక్కడి నుంచి గచ్చిబౌలి ఆయన దారి. హైవేకు ఉత్తరాన ఇల్లు ఉంటే రోజూ హైవే మీది కూడలి దాటి రావాలి, దానికే పది నిమిషాలు. అందువల్ల దక్షిణం వైపు కాలనీలే వెతికాం. ఆ దారి ఈమధ్య కొంత మెరుగుపడింది కూడా. కొత్తగూడ ఫ్లైఓవర్ 2023 జనవరిలో, కొండాపూర్ వైపు నుంచి గచ్చిబౌలి కూడలి మీదుగా ఔటర్ రింగ్ రోడ్డుకు కలిపే ఫ్లైఓవర్ 2025 జూన్‌లో అందుబాటులోకి వచ్చాయి. అయితే ఫ్లైఓవర్ వల్ల ఒక కూడలిలో తగ్గిన రద్దీ తరువాతి కూడలికి చేరడం నేను చాలాసార్లు చూశాను కాబట్టి, కొత్తగా కట్టినవాటిని చూసి దూరంగా ఇల్లు తీసుకోమని ఎవరికీ చెప్పను. ఇంకా కట్టబోయే వాటిని చూసి అసలే చెప్పను. పదకొండు నెలల ఒప్పందం మీద ఉండే ఇంటికి నాలుగేళ్ల తరువాత వచ్చే మెట్రో లైను ఎందుకూ పనికిరాదు.

చివరకు దొరికిన ఇల్లు స్టేషన్‌కు నడిచి పదకొండు నిమిషాల దూరంలో, ఐదంతస్తుల చిన్న అపార్టుమెంటులో రెండో అంతస్తు. రెండు పడకగదులు, అద్దె 23,000, నిర్వహణ 2,000, అడ్వాన్సు రెండు నెలల అద్దె. లిఫ్టుకు జనరేటర్ ఉందా, మంజీరా నీళ్ల (నగర మంచినీటి సరఫరా) కనెక్షన్ ఉందా, వేసవిలో బోరు ఎండితే ట్యాంకర్ ఖర్చు ఎవరిది అన్నవి అడిగి ఒప్పందంలో రాయించాం. పాపకు నడిచి వెళ్లే దూరంలో ఒక బడి దొరికింది, విద్యా సంవత్సరం మధ్యలో అయినా చేర్చుకున్నారు.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఆమెను ఒంటరిగా, నేను లేకుండా, ఒక సోమవారం రాను పోను వెళ్లి రమ్మన్నాను. ఉదయం బాగా జరిగింది. మియాపూర్ ఎరుపు మార్గంలో మొదటి స్టేషన్ కావడం వల్ల ఖాళీ రైలు వస్తుంది, కూర్చునే చోటు దొరికింది. ఈ ఒక్క కారణానికే మొదటి స్టేషన్ దగ్గరి ఇంటికి కొంచెం ఎక్కువ అద్దె ఇవ్వవచ్చని నా అభిప్రాయం. నీలం మార్గానికి మారాల్సిన అమీర్‌పేట వరకు పావుగంటకు పైగా కూర్చుని వెళ్లిన మనిషికి, నిలబడి వెళ్లిన మనిషికి పదింటి కౌంటరు దగ్గర తేడా ఉంటుంది. సాయంత్రం కథ వేరు. ప్యారడైజ్‌లో ఎక్కి అమీర్‌పేటలో దిగి మియాపూర్ వైపు ప్లాట్‌ఫాంకు వచ్చేసరికి జనం కిక్కిరిసి ఉన్నారు. మూడు పెట్టెల రైలు, ఒకదాన్ని వదిలి రెండోదానిలో ఎక్కగలిగారు. మహిళలకు కేటాయించిన భాగం ఎక్కడ ఆగుతుందో చూసుకుని ముందే అక్కడ నిలబడాలని ఆమెకు ఆ రోజే అర్థమైంది. 66 నిమిషాలు పట్టింది. ఆ అంకెతోనే ఇంటికి ఒప్పుకున్నారు, ఉదయపు 58 చూసి కాదు.

ఖర్చు విషయంలో ఒక చిన్న సంగతి. 2025 మే పెంపు, ఆ వెంటనే ఇచ్చిన రాయితీ తరువాత మెట్రోలో కనీస ఛార్జీ 11, గరిష్ఠ ఛార్జీ 69 రూపాయలు. ఆమె దూరానికి రాను పోను నూరు దాటుతుంది, నెలకు రెండున్నర వేల పైమాటే. బస్సులో వెళ్తే ఆ ఖర్చు ఉండదని ఆమె మొదట అనుకున్నారు. 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉన్నా, అది తెలంగాణ నివాసులకే. ఆమె ఆధార్‌లో విజయవాడ చిరునామా ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే కుటుంబాలకు నేను ఈ మాట మొదటే చెబుతాను: ఇంటి ఒప్పందం చేతికి రాగానే ఆధార్‌లో చిరునామా మార్పించుకోండి. మెట్రో మానేసి రోజూ బస్సులో వెళ్లమని కాదు, మెట్రో అందని రోజున బస్సు ఎక్కడానికి, శనివారం పాపతో బయటికి వెళ్లడానికి అది పనికొస్తుంది.

మూడు నెలల తరువాత

నవంబరులో చేరారు. మూడు నెలల పాటు ప్రయాణ సమయాలు రాసి ఉంచమని అడిగాను, ఆమె శ్రద్ధగా రాశారు. ఉదయం సగటు 56 నిమిషాలు, సాయంత్రం 64. పదింటికి అందుకోలేకపోయిన రోజులు మూడు. ఆయన ఉదయపు ప్రయాణం మా కొలతకు దగ్గరగానే ఉంది, రాత్రి తిరుగు ప్రయాణం మాత్రం 42 నిమిషాలకు తగ్గింది. ఎనిమిది గంటల తరువాత ఆ దారి తేలికపడుతుందని నేను ముందు కొలవలేదు. రెండు వైపులూ ఒకేలా పడుతుందనుకుని లెక్క కట్టడం నా పద్ధతిలోని లోపమే. ఈ కేసు తరువాత నుంచి ఉదయం, సాయంత్రం విడివిడిగా కొలుస్తున్నాను, బడి సెలవుల్లో తీసిన కొలతను లెక్కలోకే తీసుకోవడం లేదు.

ముందుగా చూడనిది ఇంకొకటి బయటపడింది. స్టేషన్ నుంచి ఇంటికి వచ్చే పదకొండు నిమిషాల నడకలో మధ్యన ఒక ఖాళీ స్థలం పక్కనుంచి రావాలి. అక్కడ వీధి దీపం లేదు, రాత్రి ఏడు దాటితే కుక్కలు గుంపుగా ఉంటాయి. మేము ఆ దారిని పగలు మాత్రమే నడిచి చూశాం. ఆమె కొన్నాళ్లు ఆ ముక్కకు ఆటో ఎక్కారు, ఆ తరువాత నాలుగు నిమిషాలు ఎక్కువైనా దుకాణాలున్న వీధి మీదుగా వస్తున్నారు. ఇప్పుడు స్టేషన్ నడక దూరం కొలిచేటప్పుడు రాత్రి ఎనిమిదింటికి ఒకసారి నేనే నడుస్తున్నాను.

జనవరిలో ఆయన కంపెనీ ఆఫీసు రోజులను నాలుగుకు పెంచింది. ఉప్పల్‌లో ఉండి ఉంటే ఎలా ఉండేదో ఆయన తనంతట తానే లెక్క కట్టి నాకు పంపారు. ఇంటి విషయంలో వారికి ఉన్న అసంతృప్తి ప్రయాణం గురించి కాదు. అత్తగారు, పాప ఒకే గదిలో పడుకుంటున్నారు. పాప తెల్లవారుజామున లేచి చదువుకోవడానికి దీపం వేస్తే ఆవిడకు నిద్ర చెడుతోంది. తులసి మొక్క బాల్కనీలో కుండీలో ఉంది. మధ్యాహ్నం దాటితే అక్కడికి ఎండ రాదని, అది సరిగా ఎదగడం లేదని ఆవిడ నాతో రెండుసార్లు అన్నారు. అదే వీధిలో మూడు పడకగదుల ఫ్లాటు ఏదైనా ఖాళీ అయితే చెప్పమని కాలనీలోని ఇద్దరు వాచ్‌మన్లకు నా నంబరు ఇచ్చి ఉంచాను. పదకొండు నెలలు ముగిసేలోగా దొరికితే అద్దె మరో ఐదారు వేలు పెరుగుతుంది. కారు అమ్మేసి ఆ ఖర్చును అటు మళ్లించాలా అని ఇద్దరూ ఆలోచిస్తున్నారు.